చేతికి తెలియని షాక్: ఎలక్ట్రానిక్స్ పనిచోట్ల స్థిర విద్యుత్తును ఆపేదెలా?

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే రిస్ట్ స్ట్రాప్ ఇస్తారు, అంటే ఒంటిమీది స్థిర విద్యుత్తును తీగ గుండా ఎర్త్‌లోకి పంపే మణికట్టు పట్టీ. దాన్ని చూడగానే చాలామందికి వచ్చే అనుమానం ఒకటే: ‘బోర్డు ముట్టుకుంటే నాకు షాక్ ఏమీ కొట్టడం లేదు కదా, ఇదెందుకు?’ కొందరు పైకే అడిగేస్తారు. అడగనివాళ్లు సూపర్‌వైజర్ ఎదురుగా ఉన్నంతసేపు పెట్టుకుని, ఆయన అటు వెళ్లగానే తీసి పక్కన పెడతారు. దాన్ని బద్ధకం అనలేం. ఒంటికి తెలియని ప్రమాదాన్ని నమ్మడం ఎవరికైనా కష్టమే. ‘రూల్ కాబట్టి పెట్టుకో’ అంటే ఆ అనుమానం తీరదు.

మనిషి వేలికి చురుక్కుమని తెలియాలంటే ఒంటిమీద సుమారు 3000 వోల్టుల స్థిర విద్యుత్తు చేరాలి. టప్పుమని శబ్దం వినిపించాలంటే అంతకంటే ఎక్కువ, నిప్పురవ్వ కంటికి కనిపించాలంటే ఇంకా ఎక్కువ కావాలి. ఇప్పుడు వాడుతున్న విడిభాగాల్లో కొన్ని 100 వోల్టులకే దెబ్బతింటాయి. అంటే చిప్ చచ్చిపోయే స్థాయికీ, మన చర్మం గుర్తుపట్టే స్థాయికీ మధ్య ముప్పై రెట్ల దూరం ఉంది. ఆ మధ్యలో ఏం జరిగినా ముట్టుకున్నవాళ్లకే తెలియదు, ఇక పక్కవాళ్లకు ఎలా తెలుస్తుంది? నిల్వ ఉన్న స్థిర విద్యుత్తు ఇలా ఒక్కసారిగా దూకడాన్ని ఈ పరిశ్రమలో ఈఎస్‌డీ (ఎలక్ట్రోస్టాటిక్ డిశ్చార్జ్) అంటారు, ఆ సమస్య చిక్కంతా ఇక్కడే ఉంది. దీన్ని అనుభవంతో పట్టుకోలేం. మీటర్ పెట్టి కొలిస్తేనే దొరుకుతుంది.

ఈ చార్జ్ ఎక్కడినుంచి వస్తుంది? రెండు వస్తువులు తాకి విడిపోయినప్పుడల్లా కొన్ని ఎలక్ట్రాన్లు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి పోతాయి. గట్టిగా రుద్దాల్సిన పనేమీ లేదు, తాకి విడిపోతే చాలు. నేలమీద వేసే ప్రతి అడుగూ అలాంటిదే. ఫోమ్ కుర్చీలోంచి లేవడం, టేప్ చుట్టలోంచి ముక్క లాగడం, పాలిథిన్ కవర్లోంచి బోర్డు బయటికి తీయడం, అన్నీ అంతే. అమెరికా రక్షణ శాఖ హ్యాండ్‌బుక్ ద్వారా ప్రచారంలోకి వచ్చి, ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చూపించే అంకెలు కొన్ని ఉన్నాయి. గాలిలో తేమ 10 నుంచి 20 శాతమే ఉన్నప్పుడు కార్పెట్ మీద నడిచిన మనిషిలో 35,000 వోల్టుల దాకా చేరవచ్చు. వినైల్ నేలమీద నడిస్తే 12,000. బల్ల మీదున్న పాలిథిన్ సంచిని చేత్తో ఎత్తితే 20,000.

ఇన్ని వేల వోల్టులున్నా మనిషికి ఏమీ కాకపోవడానికి కారణం, అక్కడున్న చార్జ్ చాలా కొంచెం కావడమే. మన ఒంటి కెపాసిటెన్స్, అంటే చార్జ్‌ను నిల్వ ఉంచుకునే సామర్థ్యం, దాదాపు 100 పికోఫారడ్లు. ఆ లెక్కన 3000 వోల్టుల దగ్గర ఒంట్లో నిల్వ ఉండే శక్తి అర మిల్లీజౌల్ కూడా కాదు. మనకది చీమ కుట్టినంత కూడా కాదు. కానీ ఆ కాస్త శక్తీ చిప్ లోపల ఒక మైక్రాన్ వెడల్పు చోట దిగితే అక్కడి లోహపు గీత కరిగిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. చార్జ్ ఏమాత్రం పెరగకుండానే వోల్టేజ్ పెరగవచ్చు. వెడల్పాటి పళ్లెంలో ఉన్న నీళ్లను సన్నటి గ్లాసులో పోస్తే మట్టం పైకి వచ్చినట్టే, కెపాసిటెన్స్ తగ్గితే వోల్టేజ్ పైకి లేస్తుంది. బల్లకు ఆనుకుని ఉన్న బోర్డుకు కెపాసిటెన్స్ ఎక్కువ. దాన్ని చేతిలోకి ఎత్తగానే తగ్గిపోతుంది. బల్ల మీద కొలిచినప్పుడు 50 వోల్టులు చూపించిన బోర్డు పైకి ఎత్తాక కొన్ని వందలు చూపించడం మామూలే. అందుకే బోర్డును ఎక్కడ పెట్టారన్నదొక్కటే చూస్తే చాలదు, దాన్ని ఎలా ఎత్తుతున్నారు, ఎత్తి దేనికి తాకిస్తున్నారు అన్నవి కూడా చూడాలి.

చిప్ లోపల ఏం జరుగుతుంది?

చిప్‌లో చిన్న స్విచ్‌లా పనిచేసే మాస్ ట్రాన్సిస్టర్‌లో, దాన్ని ఆన్, ఆఫ్ చేసే గేటుకూ, దాని కింద ఉన్న సిలికాన్‌కూ మధ్య ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. ఒక్కో నానోమీటరు మందం సుమారు ఒక వోల్టు దాకా తట్టుకుంటుంది. ఐదు నానోమీటర్ల పొర మీద పది, పన్నెండు వోల్టులు పడితే చిల్లు పడ్డట్టే. మరి చిప్పులు 100 వోల్టులైనా ఎలా ఓర్చుకుంటున్నాయి? ప్రతి పిన్ను దగ్గరా తయారీదారులు రక్షణ డయోడ్లు పెడతారు. బయటినుంచి వచ్చిన చార్జ్‌ను అవి గేటు వైపు పోనీయకుండా పక్కకు మళ్లిస్తాయి.

ఆ డయోడ్లను ఇంకా పెద్దవిగా చేస్తే సరిపోదా అనిపించవచ్చు. కానీ డయోడ్ పెద్దదయ్యే కొద్దీ పిన్ను దగ్గర కెపాసిటెన్స్ పెరిగి, వేగంగా మారే సిగ్నల్ మొద్దుబారిపోతుంది. సెకనుకు వందల కోట్ల బిట్లు పంపే పిన్నుకు ఆ బరువు మోయించలేరు. అందుకే రక్షణ పెరగాల్సిందిపోయి తగ్గుతూ వచ్చింది. మనిషి చేతినుంచి వచ్చే దెబ్బకు 2000 వోల్టులు తట్టుకోవాలన్నది ఒకప్పటి లక్ష్యం. తర్వాత పరిశ్రమే దాన్ని 1000కి దించింది. చిప్ తనంతట తాను చార్జ్ అయి విడుదల చేసే దెబ్బ విషయంలో 500 కాస్తా 250 అయింది. ఫ్యాక్టరీల్లో నియంత్రణ మెరుగుపడింది కాబట్టి ఇంత తట్టుకుంటే చాలు అన్నది వాళ్ల వాదన. అది సబబే. కాకపోతే ఆ మాటకు అర్థం, చిప్‌ను కాపాడే బాధ్యతలో పెద్ద వాటా డిజైనర్ దగ్గర్నుంచి లైన్‌లో కూర్చున్న మనిషి మీదికి వచ్చిందని. ఆ మనిషికి తగిన శిక్షణ, పరికరాలు ఇవ్వకుండా రిజెక్షన్ రాగానే ‘ఆపరేటర్ తప్పు’ అని రాసేయడం అన్యాయం.

దెబ్బతిన్న చిప్ అక్కడికక్కడే చనిపోతే టెస్టింగ్‌లో దొరికిపోతుంది. కొన్ని సగం దెబ్బతిని, టెస్ట్ పాసై, గడప దాటిపోతాయి. గాయం లోపలే ఉండి ఇంకెప్పుడో బయటపడుతుంది. ఇలాంటి దాగిన గాయాలు ఉంటాయన్నది ప్రయోగాల్లో చూసిందే. అవి ఎంత శాతం అన్న విషయంలో మాత్రం నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. శిక్షణ స్లైడ్లలో తిరిగే ‘వైఫల్యాల్లో తొంభై శాతం ఇవే’ లాంటి అంకెలను నేను పట్టించుకోను. భయపెట్టి పెట్టించిన స్ట్రాప్ కంటే అర్థమై పెట్టుకున్న స్ట్రాప్ ఎక్కువకాలం చేతికి ఉంటుంది.

రెండు రకాల దెబ్బలు

స్థిర విద్యుత్తు అనగానే అందరికీ గుర్తొచ్చేది, చార్జ్ అయిన మనిషి చిప్‌ను ముట్టుకోవడం. ప్రయోగశాలలో దీన్ని 100 పికోఫారడ్ల కెపాసిటర్, 1500 ఓముల రెసిస్టర్‌తో అనుకరిస్తారు. చేతులతో చేసే పనులు ఎక్కువగా ఉన్న రోజుల్లో నష్టంలో పెద్ద భాగం ఇదే.

రెండోది, చిప్పే చార్జ్ కావడం. ప్లాస్టిక్ ట్యూబ్‌లోంచి జారుతూ వచ్చిన ఐసీ, టేప్ ఊడదీయగానే బయటపడ్డ భాగం, రక్షక ఫిల్మ్ పీకిన డిస్‌ప్లే, ఇవన్నీ మనిషి చెయ్యి పడకుండానే చార్జ్ అవుతాయి. ఆ చార్జ్‌తో వచ్చిన చిప్ ఏ లోహపు భాగానికో, ఎర్త్ చేసిన మెషీన్ తలకో తాకగానే ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి దూకుతుంది. దారిలో 1500 ఓములు అడ్డులేవు కాబట్టి కరెంటు కొన్ని ఆంపియర్లకు పోతుంది, అదీ సెకనులో వంద కోట్ల వంతు కాలంలో. రక్షణ డయోడ్ తేరుకునేలోపే పని అయిపోతుంది. ఇప్పటి లైన్లలో బోర్డు మీద భాగాలు పెట్టేది ఎక్కువగా మెషీన్లే. అందుకే ఈ రెండో రకమే ఇప్పుడు ఎక్కువ కలవరపెడుతోంది.

ఆపరేటర్ స్ట్రాప్ సరిగ్గా పెట్టుకున్నా ఈ రెండో దెబ్బ ఆగదు. మనిషి ఒంట్లో చార్జ్ సున్నా అయినా చిప్‌లో ఉన్నది ఉంటుంది. పైగా చార్జ్ అయిన చిప్‌ను ఎర్త్ చేసిన లోహం తాకడమే అక్కడ ప్రమాదం. ‘అన్నీ ఎర్త్ చేసేశాం, ఇంకేం సమస్య’ అని నిశ్చింతగా ఉన్న చోటే బోర్డులు పోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

బోర్డులో బిగించాక చిప్ సురక్షితం అనే నమ్మకం కూడా సరికాదు. బోర్డుకు కెపాసిటెన్స్ ఎక్కువ, కాబట్టి అదే వోల్టేజ్ దగ్గర చార్జ్ కూడా ఎక్కువ నిల్వ ఉంటుంది. దాని కనెక్టర్ ఎర్త్‌కు తాకితే వచ్చే దెబ్బ విడి చిప్ దెబ్బకంటే పెద్దది.

స్ట్రాప్, మ్యాట్, నేల

వైద్యం మొదటి సగం సులువు. కరెంటు పారే వస్తువులన్నిటినీ, అంటే మనిషి, బల్ల, ట్రాలీ, మెషీన్ ఫ్రేమ్‌ను ఒకే చోటికి కలిపి ఒకే వోల్టేజ్‌లో ఉంచాలి. తేడా లేకపోతే దూకడానికి ఏమీ ఉండదు. అందుకే స్ట్రాప్ తీగ, బల్ల మీద పరిచే ఈఎస్‌డీ మ్యాట్ తీగ ఒకే ఎర్త్ పాయింట్‌కు చేరాలి. ఒక మ్యాట్‌ను పక్క మ్యాట్‌కు, దాన్ని ఇంకో మ్యాట్‌కు గొలుసులా కలుపుకుంటూ పోతే మధ్యలో ఒక స్నాప్ (తీగను బిగించే నొక్కుడు గుండీ) ఊడగానే ఆ తర్వాతి బల్లలన్నీ గాలిలో ఉన్నట్టే.

రిస్ట్ స్ట్రాప్ తీగలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. నేరుగా తీగ వేస్తే ఇంకా త్వరగా చార్జ్ పోతుంది కదా అని దాన్ని తీసేసేవాళ్లు ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయకూడదు. స్ట్రాప్ పెట్టుకున్న మనిషి ఎర్త్‌కు కట్టి ఉన్నట్టు లెక్క. పొరపాటున 230 వోల్టుల లైవ్ తీగ తగిలితే ఆ రెసిస్టరే కరెంటును పావు మిల్లీ ఆంపియర్ లోపు ఆపుతుంది. అది లేకపోతే ప్రాణం పోవచ్చు. స్థిర విద్యుత్తుకు మాత్రం 1 మెగాఓమ్ అడ్డే కాదు. 100 పికోఫారడ్ల ఒళ్లు దాని గుండా ఖాళీ కావడానికి సెకనులో వెయ్యో వంతు కాలం చాలు. ఇదే కారణంతో ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి: కరెంటు ఉన్న పవర్ సప్లయ్‌ను మూత తీసి పరీక్షించేటప్పుడు స్ట్రాప్ పెట్టుకోకూడదు.

కూర్చుని పనిచేసేవాళ్లకు స్ట్రాప్ తప్పనిసరి. చెప్పులకు హీల్ స్ట్రాప్ (ఒంటిని నేలతో కలిపే మడమ పట్టీ) ఉంది కదా అనుకోవడానికి లేదు, కూర్చున్నప్పుడు కాళ్లు కుర్చీ కడ్డీ మీద పెట్టుకుంటే నేలతో సంబంధం తెగిపోతుంది. నిలబడి, తిరుగుతూ పనిచేసేవాళ్లకు ప్రత్యేక నేల, హీల్ స్ట్రాప్ కలిసి పనిచేస్తాయి. వాటిలో ఒకటే ఉండి రెండోది లేకపోతే ఉపయోగం సున్నా. హీల్ స్ట్రాప్ రెండు కాళ్లకూ ఉండాలి, దాని నాలుక సాక్సు లోపలికి పోవాలి.

మన లైన్లలో ఎక్కువమంది అమ్మాయిలే. శ్రీసిటీ, తిరుపతి వైపు మొబైల్, టీవీ యూనిట్లలో షిఫ్టుకు వచ్చేవాళ్లు వేసుకునేది చాలావరకు సింథటిక్ బట్టలు. ఒంటికి స్ట్రాప్ ఉన్నా పాలియెస్టర్ చున్నీ మీద చార్జ్ అలాగే నిలుస్తుంది, ఎందుకంటే ఆ బట్ట గుండా కరెంటు పారదు. ఆప్రాన్ ఇచ్చేది దీనికోసమే. అందులో గళ్లుగళ్లుగా కార్బన్ దారాలు నేసి ఉంటాయి, లోపలి బట్టల మీది చార్జ్ ప్రభావం బయటికి రాకుండా అవి అడ్డుకుంటాయి. గుండీలన్నీ పెట్టుకుని, చున్నీ పూర్తిగా లోపలికి పోతేనే ఆప్రాన్‌తో ప్రయోజనం. వేడికి గుండీలు విప్పేస్తున్నారని తిట్టే ముందు హాల్లో ఏసీ సరిగ్గా ఉందో లేదో యాజమాన్యం చూసుకోవాలి.

ఎర్త్ చేయలేనివి

వైద్యం రెండో సగం కష్టం, అందుకే ఎక్కువగా మరిచిపోయేది కూడా అదే. ప్లాస్టిక్, థర్మోకోల్, పాలిథిన్‌ల మీద చార్జ్ ఎక్కడిదక్కడే అతుక్కుని ఉంటుంది. వాటికి ఎన్ని ఎర్త్ తీగలు కట్టినా ఆ చార్జ్ కదలదు.

పైగా అవి బోర్డును తాకాల్సిన అవసరం కూడా లేదు. చార్జ్ అయిన థర్మోకోల్ కప్పు బోర్డు పక్కన ఉంటే చాలు, దాని చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం బోర్డులోని ఎలక్ట్రాన్లను ఒక పక్కకు నెడుతుంది. సరిగ్గా ఆ సమయంలో బోర్డు ఎర్త్‌కు తాకితే ఒక దెబ్బ. కప్పు తీసేశాక బోర్డులో మిగిలిపోయిన చార్జ్ మళ్లీ ఎర్త్‌కు తాకినప్పుడు రెండో దెబ్బ. టీ కప్పు, వాటర్ బాటిల్, టిఫిన్ తెచ్చుకున్న కవర్, ప్లాస్టిక్ ఫైల్ బల్ల మీద ఉండకూడదని పట్టుబట్టేది శుభ్రత కోసమే అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం ఇది.

అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాలు దీనికి కొలతలు కూడా ఇచ్చాయి. అమెరికా సైన్యం 1980లో తెచ్చిన మిల్‌స్టాండర్డ్ 1686 స్థానంలో, 1982లో ఏర్పడ్డ ఈఎస్‌డీ అసోసియేషన్ 1999లో ఎస్20.20 ప్రమాణాన్ని విడుదల చేసింది. అంతర్జాతీయ సంస్థ ఐఈసీ ప్రమాణం 61340-5-1 కూడా దాదాపు అదే చెబుతుంది. క్షేత్రం అంగుళానికి 2000 వోల్టులు దాటే ఇన్సులేటర్‌ను (కరెంటు పారని వస్తువును) చిప్పుల నుంచి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి, లేదా దాని చార్జ్ తీసేయాలి.

పనికి తప్పనిసరి అయిన ప్లాస్టిక్‌ను దూరం పెట్టలేం కదా. అక్కడికి అయొనైజర్ వస్తుంది. అది గాలిలోకి ధన, రుణ అయాన్లు రెండూ వదులుతుంది. చార్జ్ అయిన తలం తనకు కావాల్సినవి లాక్కుని తటస్థమవుతుంది. ఈ పరికరం విషయంలో ఒక హెచ్చరిక. దాని సూదుల మీద దుమ్ము పేరుకుంటే రెండు రకాల అయాన్లు సమానంగా రావు. అప్పుడు చార్జ్ తీయాల్సిందే చార్జ్ ఎక్కిస్తుంది. ప్రమాణం ఒప్పుకునే తేడా అటూఇటూ 35 వోల్టులే. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్ వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోందని అనుకోవడానికి వీల్లేదు.

కవర్ల గురించి కొంచెం చెప్పాలి. గులాబీ రంగు కవర్ తనంతట తాను చార్జ్ కాదు, అంతవరకే. బయటి క్షేత్రాన్ని, బయటినుంచి దూకే దెబ్బను అది ఆపలేదు. లోపలి చిప్‌కు పూర్తి రక్షణ కావాలంటే లోహపు పొర ఉన్న వెండిరంగు కవరే కావాలి, అదీ మూతి మూసి ఉన్నప్పుడు. ఆ కవర్ పైన బోర్డును పరిచి పనిచేసుకుంటే అది ఉత్త ప్లాస్టిక్ కాగితంతో సమానం. మడతలు పడి, చిల్లులు పడ్డ కవర్లను మళ్లీ మళ్లీ వాడటం ఖర్చు తగ్గించడం కాదు.

వాతావరణం మీద పెట్టుకునే నమ్మకం ఇంకొకటి. ‘మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ, ఈ బెడద చలిదేశాలకే’ అంటారు. తేమ 65 శాతం దాటినా కార్పెట్ మీద నడిస్తే 1500, వినైల్ మీద నడిస్తే 250 వోల్టులు వస్తాయని అదే పాత పట్టిక చెబుతోంది. 100 వోల్టులకే పోయే చిప్‌కు 250 చాలదా? పైగా హైదరాబాద్‌లో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కిందికి దిగే రోజులు ఉంటాయి. తీరంలో ఉన్న ఫ్యాక్టరీలోనైనా ఏసీ హాల్ లోపలి గాలికీ బయటి గాలికీ పొంతన ఉండదు. తేమ సాయం చేస్తుంది, కానీ దాన్నే నమ్ముకోకూడదు.

చిన్న షాపు సంగతి

కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో ఫోన్లు విప్పి బాగుచేసే మెకానిక్‌కు పైన చెప్పిన పరికరాలన్నీ కొనగలిగే స్తోమత ఉండదు. ఆయనకు అవన్నీ అవసరం కూడా లేదు. కానీ ఆన్‌లైన్‌లో అమ్మే కొన్ని వస్తువుల మీద ఆయన డబ్బు వృథా కాకూడదు. తీగ లేని రిస్ట్ స్ట్రాప్ పనిచేయదు, చార్జ్ పోవడానికి దానికి దారే లేదు. వేడికి తట్టుకుంటుందని కొనే నీలం సిలికాన్ మ్యాట్ చాలావరకు ఉత్త ఇన్సులేటరే. ఈఎస్‌డీ మ్యాట్ వేరు, అది సాధారణంగా రెండు పొరల రబ్బరు, కింది పొర నల్లగా ఉంటుంది, తీగ బిగించడానికి స్నాప్ ఉంటుంది. దాన్ని మామూలు గ్లాస్ క్లీనర్‌తో తుడవకూడదు. కొన్ని క్లీనర్లలో ఉండే సిలికాన్ పైన పొరలా మిగిలి మ్యాట్‌ను పనికిరాకుండా చేస్తుంది.

రెండు పిన్నుల సోల్డరింగ్ ఐరన్ కూడా మార్చాల్సిందే. దాని మొనకు లీకయ్యే కరెంటు స్థిర విద్యుత్తు కాదు, అయినా చిప్‌కు జరిగే నష్టం తక్కువేమీ కాదు. మూడు పిన్నుల ఐరన్ కొన్నాక ప్లగ్గులోని మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. చాలా పాత భవనాల్లో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి కానీ మూడోదాని వెనక తీగ ఉండదు, ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ఎర్త్ లేని సాకెట్‌కు మ్యాట్‌ను, స్ట్రాప్‌ను కలిపి పనిచేయడం మనిషికే ప్రమాదం.

ఫ్యాక్టరీల్లో షిఫ్టు మొదట్లో గేటు దగ్గర టెస్టర్ మీద వేలు పెడితే పచ్చలైటు వెలగడం ఇప్పుడు మామూలైంది. స్ట్రాప్‌తో కలిపి మొత్తం నిరోధం 35 మెగాఓముల లోపు ఉండాలన్నది అక్కడి లెక్క. చర్మం బాగా పొడిబారినవాళ్లకు స్ట్రాప్ మంచిదైనా ఎర్రలైటే వస్తుంది. వాళ్లకు ఈఎస్‌డీ లోషన్ ఇస్తే చాలు, ఆ ఎర్రలైటుకు వాళ్లను నిందించాల్సిన పనిలేదు. చొక్కా మణికట్టు మీద బిగించిన స్ట్రాప్‌కు కూడా ఎర్రలైటే, లోహపు బిళ్ల చర్మానికి తగలాలి కదా.

షాపులో టెస్టర్ లేకపోయినా మల్టీమీటర్ ఉంటుంది. దాన్ని మెగాఓముల మీద పెట్టి, ఒక ప్రోబ్ స్ట్రాప్ లోపలి బిళ్లకు, ఇంకోటి తీగ చివరి క్లిప్‌కు తాకించాలి. 1 మెగాఓమ్ దగ్గర చూపిస్తే తీగ బాగున్నట్టు. సున్నాకు దగ్గరగా వస్తే రెసిస్టర్ లేదు, ఆ స్ట్రాప్ చేతికి పెట్టుకోకూడదు. అంకె రాకుండా ఓవర్‌లోడ్ చూపిస్తే తీగ లోపల ఎక్కడో తెగింది. తీగను చేతిలో అటూఇటూ వంచుతూ కూడా చూడాలి, ఎందుకంటే అవి ఎక్కువగా తెగేది స్నాప్‌ను ఆనుకుని ఉన్న వంపు దగ్గరే.